ఎనామిల్ గిన్నెను బొగ్గుల గ్రిల్ మీద పెట్టవచ్చా?

ఎనామిల్ పూత ఉన్న పోత ఇనుప గిన్నెలో బొగ్గుల గ్రిల్ మీద వండవచ్చా, తర్వాత మసి వదులుతుందా అని అడిగారు. వండవచ్చు. నిప్పు మాత్రం అదుపులో ఉండాలి.

ఎనామిల్ అంటే దాదాపు 800 డిగ్రీల వేడిలో కరిగించి ఇనుముకు అతికించిన గాజు పొర. వేడికి ఇనుము, గాజు ఒకేలా సాగవు. సెగ ఒక్కసారిగా తగిలితే ఆ పొర పగుళ్లిచ్చి పెచ్చులూడుతుంది. అందుకే బొగ్గులు బాగా రాజుకుని నివురు పట్టేదాకా ఆగండి. వాటిని ఒక పక్కకు నెట్టి, గిన్నెను రెండో పక్కన పెట్టండి. ఖాళీ గిన్నెను ఎప్పుడూ పెట్టకండి. మూత పిడి ప్లాస్టిక్‌దైతే తీసేసి స్టీలుది బిగించండి.

మసికి మన కట్టెల పొయ్యి ఉపాయమే పనికొస్తుంది. మా అమ్మమ్మ గిన్నె అడుగున తడి బూడిద పూసి పొయ్యి మీదికి ఎక్కించేది. నేను బయటి వైపు గిన్నెలు తోమే లిక్విడ్ పలచగా రాస్తాను. కడిగేటప్పుడు మసంతా నల్లటి నురగై జారిపోతుంది.

వేడి గిన్నెలో చన్నీళ్లు పోయకండి. ఒకసారి తొందరపడి పోస్తే టక్‌మని లోపల వేలిగోరంత పెచ్చు లేచింది. ఆ గిన్నెలో మళ్లీ వండలేదు. పూర్తిగా చల్లారాక గోరువెచ్చని నీళ్లు, మెత్తటి స్పాంజి చాలు. అడుగంటితే నీళ్లలో రెండు చెంచాల వంటసోడా వేసి, సన్న సెగ మీద పది నిమిషాలు మరిగించి చెక్క గరిటెతో గీకండి. స్టీలు పీచు వద్దు, మెరుపు పోతుంది.