కన్యత్వంలో మూడు వాటాలు: అది రోమన్ చట్టమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతోంది. సెమినార్ కోసం రోమన్ కవి కటుల్లస్ పెళ్లిపాట అనువాదం చదివి, "నాన్నా, పెళ్లికూతురి కన్యత్వంలో తండ్రికి మూడో వంతు, తల్లికి మూడో వంతు, మిగిలిందే ఆమెదట" అంది. అక్కడి చట్టం నిజంగా అంతేనా?

జవాబు: కాదండీ. ఆ పంపకం చేసింది కవి. కటుల్లస్ 62వ కవిత అది, క్రీ.పూ. మొదటి శతాబ్దం నాటిది. అమ్మాయిల జట్టు, అబ్బాయిల జట్టు పోటీపడి పాడే పాట. వాటాల లెక్క అబ్బాయిలది: ఇద్దరితో పోట్లాడకు, వాళ్లు కట్నంతో పాటు తమ హక్కులూ అల్లుడికి ఇచ్చేశారు అంటారు. మూడింట రెండు వంతుల మెజారిటీ అన్నమాట!

చట్టంలో తల్లికి అసలు వాటాయే లేదు. పిల్లల మీద అధికారం తండ్రిది. తాత బతికుంటే తాతది. పెళ్లికి అమ్మాయి ఒప్పుకోలు మాత్రం కావాలి. పెళ్లాడేవాళ్లూ, వాళ్ల మీద అధికారం ఉన్నవాళ్లూ అందరూ ఒప్పుకుంటేనే పెళ్లి అని పౌలుస్ అనే న్యాయవేత్త రాశాడు. వినడానికి బాగుంది. మెలికంతా ఉల్పియన్ అనే మరో న్యాయవేత్త దగ్గరుంది. నిశ్చితార్థం విషయంలో, తండ్రి మాటకు ఎదురుచెప్పని కూతురు ఒప్పుకున్నట్టే లెక్క అంటాడు. ఎదురుచెప్పాలన్నా వరుడు నడత చెడ్డవాడో, పరువు మాసినవాడో అయి ఉండాలి. ఈ న్యాయవేత్తలిద్దరూ కటుల్లస్ తర్వాత రెండున్నర శతాబ్దాలకు పైగా గడిచాక వచ్చినవాళ్లు. చట్టప్రకారం అమ్మాయి పెళ్లి వయసు 12 ఏళ్లు. ఆ వయసు పిల్ల తండ్రికి ఏం ఎదురుచెబుతుంది?

నన్ను ఆపేసింది వాటాలు కాదు, అంతకుముందు అమ్మాయిలు పాడే చరణం. సాయంకాలపు చుక్క పొడిస్తే పెళ్లికూతుర్ని అప్పగించే వేళైనట్టు. అందుకే ఆ చుక్కను తిడతారు: తల్లిని కరుచుకుని ఉన్న బిడ్డను లాక్కెళ్లి వరుడికి ఇచ్చేస్తావు, పట్టుబడిన ఊళ్లో శత్రువులు మాత్రం ఇంతకంటే క్రూరంగా ఏం చేస్తారు? అబ్బాయిల జవాబేమిటంటే, పెద్దలు ముందే కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఆ చుక్క ఖాయం చేస్తోందట. హింస అని ఫిర్యాదు చేస్తే అగ్రిమెంట్ తీసి చూపించడం! ఫ్యామిలీ కోర్టులో ఈ వాదన నాకు కొత్త కాదు.

మన హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 12 ప్రకారం, బలవంతంగా ఒప్పించి చేసిన పెళ్లిని రద్దు చేయమని కోరవచ్చు. ఆ బలవంతం ఆగిన ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. ఆ తర్వాత ఇష్టపూర్వకంగా కాపురం చేసి ఉంటే కుదరదు.

మీ అమ్మాయిని వాటాల దగ్గరే ఆగవద్దనండి. 20 నుంచి 30 వరకు పంక్తులు కూడా సెమినార్‌లో చదవమనండి.