కొత్తూరు డ్యూటీకి ఏ బండి కొనాలి?

అల్లుడికి,

కొత్తూరులో ఉద్యోగం ఖాయమైందని, అక్కడ రూమ్ తీసుకోకుండా పాలమూరు నుంచే రోజూ పోయి వస్తానంటున్నావని అక్క చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు బండ్ల ఫొటోలు కూడా చూశాను. మూడింటి కిందా ఒకటే రాశావు, "మామా, మైలేజీ ఎంతిస్తుంది?" అని. నువ్వు ఏ స్పీడులో నడుపుతావో చెప్పకుండా అడిగితే దానికి జవాబు ఉండదు. ఫోన్‌లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావని కూర్చుని రాస్తున్నాను.

ముందు నీ రోడ్డు సంగతి చూద్దాం. మనింటి నుంచి జడ్చర్ల దాకా పదిహేను కిలోమీటర్లు. అక్కడ 44వ నంబర్ హైవే ఎక్కితే రాజాపూర్, బాలానగర్, షాద్‌నగర్ బైపాస్ దాటి కొత్తూరు. ఒకవైపు సుమారు 60, పోను రాను 120. నెలకు పాతిక రోజులు డ్యూటీ అనుకుంటే 3,000 కిలోమీటర్లు. ఊళ్లో మార్కెట్‌కూ బంధువుల ఇళ్లకూ తిరిగే బండి ఏడాదంతా తిరిగేది నువ్వు రెండు నెలల్లో తిప్పేస్తావు. అందుకే మీ దోస్తుల సలహాలు నీకు పనికిరావు. వాళ్లు న్యూటౌన్ నుంచి మెట్టుగడ్డ దాకా నడిపి చెప్పే మైలేజీ వేరు, నీ రోడ్డు మీద వచ్చే మైలేజీ వేరు.

కంపెనీ చెప్పే అంకె కూడా అలాంటిదే. అందులో అబద్ధమేమీ లేదు. గది లోపల రోలర్ల మీద బండిని ఎక్కించి, ముందే నిర్ణయించిన స్పీడుల్లో నడిపి తీసే లెక్క అది. చిన్న బండ్లకు అందులో ఎక్కువ భాగం ఊరి స్పీడే ఉంటుంది. నీకు ఎదురయ్యేది గాలి. స్పీడు పెరిగిన కొద్దీ గాలి అడ్డు అంతకు మించి పెరుగుతుంది. 60 మీద ఉన్న అడ్డు 80కి పోయేసరికి దాదాపు ఒకటిముప్పావు రెట్లు అవుతుంది. 100 దగ్గర రెండున్నర రెట్లు దాటిపోతుంది. హైవే స్పీడులో ఇంజను చక్రానికి ఇచ్చే బలంలో ఎక్కువ భాగం ఆ గాలిని తోయడానికే పోతుంది.

మన వైపు ఇంకో చిక్కుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి బాగా కొడుతుంది. డ్యూటీ దిగి కొత్తూరు నుంచి జడ్చర్లకు వచ్చేటప్పుడు నువ్వు సరిగ్గా ఆ దిక్కుకే మొహం పెట్టి వస్తావు. మీటరు 60 చూపిస్తున్నా ఎదురుగాలి 20 ఉంటే, ఇంజను 80 స్పీడు గాలితో కొట్లాడుతున్నట్టే. పొద్దున పోయేటప్పుడు వెనక నుంచి తోసిన లాభం సాయంత్రం నష్టాన్ని పూర్తిగా పూడ్చదు. విత్తనాల కంపెనీ పని మీద గద్వాల, వనపర్తి, అచ్చంపేట అని ఏళ్ల తరబడి తిరిగినవాణ్ని. ఆషాఢంలో పెట్రోలు ఖర్చు పెరిగిందని బండిని మెకానిక్ దగ్గరికి తీసుకుపోయేవాళ్లను చాలామందిని చూశాను. బండికి ఏ రోగమూ ఉండేది కాదు.

ఇప్పుడు డబ్బుల లెక్క. లీటరు రూ.107 అనుకుందాం. నెలకు 3,000 కిలోమీటర్లకు, లీటరుకు 40 ఇచ్చే బండి 75 లీటర్లు తాగుతుంది. 50 ఇస్తే 60 లీటర్లు. అంటే 15 లీటర్లు, రూ.1,600 మిగిలింది. అదే 60 ఇచ్చే బండి వదిలి 70 ఇచ్చేది కొంటే మిగిలేది ఏడు లీటర్లే, రూ.760. రెండు చోట్లా పెరిగింది పది కిలోమీటర్లే, మిగిలింది మాత్రం సగం. పై అంకెల కోసం పడే ఆరాటం అంత విలువైంది కాదు. ఆ ఏడు వందల కోసం బ్రేకులు తక్కువైన బండి, గాలికి ఊగే బండి తీసుకోకు.

నువ్వు పంపిన ఫొటోల్లో మొదటిది స్ప్లెండర్. బావ ఇన్నేళ్లుగా నడుపుతున్నాడు కాబట్టి నీ మనసు అటే ఉంటుంది. మంచి బండే. 97.2 సీసీ, నాలుగు గేర్లు, బరువు 112 కిలోలు. ఊళ్లో, పల్లె రోడ్ల మీద దానికి తిరుగులేదు. 50, 55 మీద పోతానంటే హైవే మీద కూడా మైలేజీ దానిదే పైచేయి. కానీ దాని 8 పీఎస్ బలం పూర్తిగా బయటికొచ్చేది ఇంజను నిమిషానికి 8,000 సార్లు తిరిగినప్పుడు. 75 దాటించాలంటే ఎక్సలేటర్ దాదాపు చివరిదాకా తిప్పాలి. అలా రోజూ గంటల తరబడి తిప్పితే మైలేజీ ఎలాగూ పడిపోతుంది, ఇంజను కూడా వేడెక్కుతుంది. పైగా ముందు పోతున్న లారీని దాటాల్సి వస్తే చేతిలో ఇంకేమీ మిగలదు. దాటుతూ దాటుతూ లారీ పక్కనే ఉండిపోతావు. హైవే మీద అంతకంటే చెడ్డ చోటు లేదు.

రెండోది యూనికార్న్, 160 సీసీ. రోడ్డును పట్టుకుని కదలకుండా పోతుంది, 13 లీటర్ల ట్యాంకు, గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ ఉంటుంది. జీతం బాగుండి, వారంలో రెండు రోజులు వెనక ఇంకొకరిని ఎక్కించుకునే పనైతే నేనే కొనమనేవాణ్ని. నువ్వు ఒక్కడివే, ఉద్యోగం కొత్త. 45, 50 మైలేజీకి, పెద్ద కిస్తీకి ఇప్పుడే సిద్ధపడనక్కర లేదు.

నా ఓటు 125 సీసీ, ఐదు గేర్ల బండికి. షైన్ గానీ, ఎస్‌పీ 125 గానీ, రైడర్ గానీ, వీటిలో ఏదైనా సరే. పదిన్నర, పదకొండు పీఎస్ బలం. ఐదో గేరులో 65 మీద ఇంజను అరవకుండా పోతుంది. అవసరమైతే చటుక్కున 80కి లాగి లారీ దాటి మళ్లీ 65కి రావచ్చు. పద్ధతిగా నడిపితే లీటరుకు 55, 60 అనుకో. 80 మీదే నిలబెట్టి నడిపితే 45కి దిగినా బండిని తిట్టకు. 60కీ 45కీ తేడా నెలకు రూ.1,780 దాకా ఉంటుంది. దానికి బదులు నీకు దక్కేదేమిటి? జడ్చర్ల నుంచి కొత్తూరు దాకా 45 కిలోమీటర్లు 65 మీద పోతే నలభై రెండు నిమిషాలు, 80 మీద పోతే ముప్పై నాలుగు. ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలు పొద్దున ఇంట్లోంచి ముందు బయల్దేరితే ఉచితంగా వస్తాయి.

మూడోదిగా స్కూటీ ఎందుకు పంపావో అర్థం కాలేదు. అక్క కూరగాయలకు వాడుకుంటుందనా? చిన్న చక్రాలతో హైవే గుంతలో పడితే తట్టుకోవడం కష్టం. మోటార్‌సైకిల్ 17, 18 అంగుళాల చక్రం ఆ గుంతను దాటేస్తుంది. వోల్వో బస్సు పక్క నుంచి దూసుకుపోయినప్పుడు కూడా తేడా నీకే తెలుస్తుంది.

గ్యాస్‌తో నడిచే బండి సంగతీ అడిగావు. బజాజ్ 2024 జూలైలో ఫ్రీడమ్ 125 తెచ్చింది. రెండు కిలోల సీఎన్‌జీ సిలిండరు, రెండు లీటర్ల పెట్రోలు ట్యాంకు. కిలో గ్యాస్‌కు 102 కిలోమీటర్లని కంపెనీ మాట. ఖర్చు నిజంగానే తగ్గుతుంది. కానీ నీ దారిలో, నువ్వు పోయే వేళకు తెరిచి ఉండే గ్యాస్ బంకు ఎక్కడుందో, అక్కడ ఆటోల లైను ఎంతుంటుందో నువ్వే రెండు రోజులు చూసి రా. దారి తప్పి ఐదు కిలోమీటర్లు పోయి, లైనులో అరగంట నిలబడేదైతే వద్దు. ఎలక్ట్రిక్ బండికి కూడా ఇదే మాట. హైవే స్పీడులో బ్యాటరీ చెప్పినంత దూరం రాదు, కాబట్టి ఫ్యాక్టరీలో చార్జింగ్ పెట్టుకోనిస్తారని రాతపూర్వకంగా తెలిస్తే తప్ప ఆ ఆలోచన చేయకు.

బండి ఏదైనా ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉన్నదే తీసుకో. ఒకే బండిలో డ్రమ్ మోడలు కొన్ని వేలు తక్కువకు వస్తుంది, సేల్స్ అబ్బాయి దాన్నే ముందు చూపిస్తాడు. 125 సీసీ దాటిన బండ్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. నువ్వు కొనే 125లో చాలావాటికి సీబీఎస్ మాత్రమే ఉంటుంది, అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. దొరికితే ఏబీఎస్ ఉన్నది చూడు. కోతల కాలంలో సర్వీస్ రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రాత్రి ధాబాల ముందు వెనక లైటు లేకుండా లారీలు ఆగి ఉంటాయి. రాంగ్ రూట్‌లో లైటు వేయని బండ్లు ఎదురొస్తాయి. మైలేజీ గురించి రాస్తూ ఇవన్నీ ఎందుకంటావేమో. ఇంటికి వచ్చాకే కదా అల్లుడూ మైలేజీ లెక్క చూసుకునేది.

టెస్ట్ రైడ్ అంటే షోరూమ్ సందులో ఒక రౌండు కాదు. జడ్చర్ల రోడ్డు మీద అప్పన్నపల్లి ఫ్లైఓవర్ దాకా తీసుకుపోతానని పట్టుబట్టు. ఒప్పుకోకపోతే ఇంకో షోరూమ్‌కు పో. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేరులో 50 మీద ఉంచి ఎక్సలేటర్ మెల్లగా తిప్పు. గునుస్తూ ఎక్కుతుందా, హాయిగా ఎక్కుతుందా చూడు. దిగాక 65 మీద కాసేపు నిలబెట్టి అద్దంలోకి చూడు. వెనక వచ్చే బండి నంబరు ప్లేటు నిలకడగా కనిపించాలి. అద్దం వణికి అంతా చెదిరిపోతోందంటే ఆ వణుకు హ్యాండిల్లోంచి నీ చేతుల్లోకీ వస్తుంది, నెల తిరిగేసరికి వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి. రెండు మూడు 125లు ఇలా నడిపితే నీకు ఏది కావాలో నేను చెప్పక్కర్లేదు. ట్యాంకు సైజు, మీటరులో బ్లూటూత్ గురించి బుర్ర పాడుచేసుకోకు.

కొన్నాక మొదటి వెయ్యి కిలోమీటర్లు 50, 55 దాటకు. నీకు అది పదిరోజుల్లో అయిపోతుంది కాబట్టి ఓపిక పట్టు. సర్వీసులు కూడా తేదీ చూసి కాదు, మీటరు చూసి చేయించు. కార్డులో నెలలు, కిలోమీటర్లు రెండూ రాసి ఉంటాయి, ఏది ముందైతే అది. నీకు ఎప్పుడూ కిలోమీటర్లే ముందు. వారంటీ కూడా అంతే.

మెకానిక్‌తో పని లేకుండా నువ్వే చేయాల్సినవి రెండు. టైర్లలో గాలి వారానికోసారి, పొద్దున్నే బండి కదలకముందు. ఎంత పెట్టాలో చైన్ కవరు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. బంకులో కుర్రాడు తోచినంత కొడితే ఒప్పుకోకు. రెండోది చైన్. చాలామంది దాన్ని కిరకిరమనేదాకా ముట్టుకోరు. మెయిన్ స్టాండు వేసి, చైన్ కింది వరుసకు మధ్యలో వేలు పెట్టి పైకి కిందికి ఆడించు. మొత్తం రెండు నుంచి మూడు సెంటీమీటర్లు ఆడాలి. చక్రం తిప్పి నాలుగు చోట్ల చూడు. ఒకచోట బిర్రుగా, ఒకచోట వదులుగా ఉంటే ఆ చైన్ పని అయిపోవస్తున్నట్టు. ప్రతి 500 కిలోమీటర్లకు, అంటే నీకు నాలుగు రోజులకోసారి, తుడిచి చైన్ స్ప్రే కొట్టు. కాలిన ఇంజన్ ఆయిల్ పోయొద్దు, దానికి దుమ్మంతా పట్టి పళ్లు అరిగిపోతాయి.

మైలేజీ మీటరులో వచ్చే అంకెను నమ్మకుండా నువ్వే చూసుకో. ఒకే బంకులో, మెయిన్ స్టాండు వేసి, గన్ మొదటిసారి టక్కున ఆగేదాకా పోయించు. మూత దాకా నింపించుకోవద్దు, ఎండకు పెట్రోలు వ్యాకోచిస్తుంది. ట్రిప్ మీటరు సున్నా చేసి మూడు వందలు పైన నడిపాక అదే బంకులో అలాగే పోయించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ కాబట్టి పాత రోజుల అంకెలతో పోల్చుకుని దిగులు పడకు. అది నీళ్లను పీల్చుకుంటుంది కూడా, అందుకే వానల్లో, బండి కడిగేటప్పుడు ట్యాంకు మూత చుట్టూ నీళ్లు నిలవకుండా చూడు.

టోల్ గురించి అక్క టెన్షన్ పడుతోంది. రాయికల్ టోల్‌గేటు దగ్గర టూవీలర్లకు డబ్బులు కట్టక్కర్లేదని చెప్పు. ఇంకో మాట, మైలేజీ కోసం లారీ వెనక గాలి తగలకుండా అంటుకుపోవడం కొందరికి అలవాటు. ఆ పని నువ్వు చేయకు, లారీ బ్రేకు వేస్తే నీకు కనిపించేది దాని వెనక డోరు ఒక్కటే. నైట్ షిఫ్ట్ లేని రోజుల్లో టైము కుదిరితే రైలు కూడా చూసుకో. కొత్తూరు పక్కనే తిమ్మాపూర్ స్టేషన్ ఉంది, నెలవారీ పాస్ పెట్రోలు ఖర్చు ముందు ఏపాటిది కాదు.

ధర మాట్లాడేటప్పుడు పాత రేట్ల కాగితం చూపిస్తే ఒప్పుకోకు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆన్‌రోడ్ ధరలో ఏమేం కలిపారో ఒక్కొక్కటీ రాయించుకో. ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పదు. టెఫ్లాన్ కోటింగ్, సీటు కవరు, స్టిక్కర్ల పేరుతో వేసినవి కొట్టేయించు. ఆ డబ్బుతో ఐఎస్ఐ మార్కున్న మంచి హెల్మెట్ కొనుక్కో.

బావ పాత స్ప్లెండర్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే పది, పన్నెండు వేలు తగ్గిస్తారని ఆశపెడతారు. ఇవ్వకు. నీ బండి తరచూ ఒకరోజు సర్వీసులో ఉంటుంది, ఆ రోజు డ్యూటీకి పోవడానికి అది ఉండాలి.

మీ మామ