గోల్ పడ్డాక బంతి అడిగేదెవరు?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది కర్నూలు. ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. స్కూలు ఫుట్‌బాల్ టీములో మిడ్‌ఫీల్డ్, అంటే మైదానం మధ్యలో ఆడతాడు. పోయిన ఆదివారం వాళ్లకంటే ఒళ్లూ వయసూ ఎక్కువున్న పిల్లలతో మ్యాచ్ పడింది. హాఫ్‌టైమ్‌కే 0-2. మావాళ్లు తలెత్తలేదు. గోల్‌కీపరు బంతి చేతికొస్తే చాలు, గాల్లోకి తన్నేశాడు. సెకండాఫ్‌లో ఏమైందో తెలీదు, ఆ కీపరే బంతిని చేత్తో పక్కనున్న డిఫెండరుకు దొర్లించడం మొదలుపెట్టాడు. కాసేపటికి అదే పిల్లలు చెయ్యెత్తి బంతి అడుగుతున్నారు. ఒక గోల్ కూడా కొట్టారు. చివర్లో అందరూ ముందుకెళ్లిపోతే ఇంకోటి పడి 1-3తో ఓడారు గానీ, నాకైతే వేరే టీమును చూసినట్టే ఉంది. తాను గీత పక్కన నిలబడి ‘కాన్ఫిడెన్స్! కాన్ఫిడెన్స్!’ అని అరిచినందుకే పిల్లలు పుంజుకున్నారని మావారు అంటున్నారు. నిజమేనా? మ్యాచ్ మధ్యలో ధైర్యం ఎక్కణ్నించి వస్తుంది?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు మ్యాచ్‌ని చాలా బాగా చూశారు. కీపరు బంతిని దొర్లించాడని రాశారే, అసలు సంగతి అక్కడే ఉంది.

ఫస్టాఫ్‌లో ఏం జరిగి ఉంటుందో నేను చెప్తాను. నేను కేఆర్ పురం వైపు మట్టి గ్రౌండులో పిల్లలకు ఆట నేర్పుతాను. ఇది తరచూ చూసేదే. కీపరు గాల్లోకి తంతాడు. అవతలి పిల్లలు పొడుగు కాబట్టి తలతో వాళ్లే కొడతారు. బంతి క్షణాల్లో మళ్లీ మన పెనాల్టీ బాక్సు ముందుకొచ్చి పడుతుంది. మనవాళ్లు వెనక్కి పరిగెత్తాలి. మళ్లీ తన్నుడు, మళ్లీ పరుగు. పదిహేను నిమిషాలు ఇలా గడిస్తే మిడ్‌ఫీల్డులో ఉన్న పిల్లాడికి ఊపిరి అందదు, బంతి మాత్రం కాలికి తగిలి ఉండదు. బయటినుంచి చూసేవాళ్లకు అది భయంలా కనిపిస్తుంది. అందులో సగం ఆయాసమే.

అదే బంతిని దొర్లిస్తే? డిఫెండరు ఆపుతాడు, పక్కవాడికి ఇస్తాడు, వాడు మీ అబ్బాయికి ఇస్తాడు, మీవాడు వెనక్కే ఇచ్చినా పర్లేదు. నలుగురి కాలికి బంతి తగిలింది, పోలేదు. ఈలోపు మిగతావాళ్లు గాలి పీల్చుకున్నారు. ఇంకో విడత ఇలాగే సాగితే పిల్లల కళ్లు నేలమీంచి పైకి లేస్తాయి. అప్పుడు మొదలవుతుంది మీరు చూసిన ఆ చెయ్యెత్తి అడగడం. నా మటుకు ధైర్యానికి కొలత అదే. గోల్ పడ్డాక ఎవరు ప్రత్యర్థి వెనక నక్కుతున్నారు, ఎవరు ఖాళీలోకొచ్చి బంతి అడుగుతున్నారు అన్నదే చూస్తాను. స్కోరు తర్వాత సంగతి.

పెద్దవాళ్ల మ్యాచుల్లోనూ తేడా ఏమీ లేదు. మన కంఠీరవ స్టేడియంలో 2016 అక్టోబర్ 19న ఏఎఫ్‌సీ కప్ (ఆసియా క్లబ్బుల టోర్నీ) సెమీఫైనల్ రెండో లెగ్ జరిగింది, అంటే రెండు మ్యాచుల పోరులో రెండోది. ఎదురుగా డిఫెండింగ్ ఛాంపియన్, మలేసియాకు చెందిన జొహోర్ దారుల్ తాజిమ్. మొదటి లెగ్ వాళ్ల దగ్గర 1-1. ఇక్కడ 11వ నిమిషంలోనే మన బెంగళూరు ఎఫ్‌సీ మీద గోల్ పడింది. మన సునీల్ ఛెత్రీ హెడర్‌తో, అంటే తలతో కొట్టి, లెక్క సరిచేసింది 41వ నిమిషంలో. ఆ మధ్య అరగంటను ఎవరూ గుర్తుపెట్టుకోరు. నాకు మాత్రం మ్యాచ్ మొత్తంలో అదే ముఖ్యం. టెన్షన్‌తో చెల్లాచెదురయ్యే టీముకు రెండో గోల్ పడేది సరిగ్గా అలాంటి అరగంటలోనే. వీళ్లు పడనివ్వలేదు. 67వ నిమిషంలో ఛెత్రీ బాక్సు బయటినుంచి రెండో గోల్ కొట్టాడు చూడండి, ఆ షాట్ 1-1 కాకముందు ఎవరైనా కొట్టగలరా అంటే నాకు అనుమానమే. 75వ నిమిషంలో మన డిఫెండరు హువానన్ హెడర్‌తో 3-1. ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ చేరిన తొలి భారత క్లబ్ అయింది మనది. దోహాలో ఫైనల్ 0-1తో పోయింది, అయినా ఆ రాత్రి విలువ నా దృష్టిలో తగ్గలేదు.

2023 జులైలో అదే గ్రౌండులో శాఫ్ (దక్షిణాసియా ఫుట్‌బాల్ టోర్నీ) ఫైనల్, భారత్‌కూ కువైట్‌కూ మధ్య. కువైట్ ముందు గోల్ కొట్టింది, మన ఛాంగ్టే సమం చేశాడు, పెనాల్టీల దాకా వెళ్లింది. అందులో మన ఉదాంత సింగ్ కొట్టింది గోల్ కాలేదు. ఆ తర్వాత నడిచి వెళ్లి బంతి పెట్టుకున్న సుభాశిష్ బోస్, మహేశ్ సింగ్ ఇద్దరూ కొట్టారు. మన కీపరు గుర్‌ప్రీత్ కువైట్ చివరిది ఆపాడు, 5-4తో గెలిచాం. పక్కవాడు తప్పిన వెంటనే ముందుకొచ్చిన ఆ ఇద్దరి గురించి మా పిల్లలకు పదేపదే చెప్తుంటాను.

ఇక మీవారి మాట. ఆయన గొంతు పిల్లలకు మేలే చేసి ఉంటుంది. మనవాళ్లు మనల్ని వదిలేయలేదని వాళ్లకు తెలుస్తుంది కదా. కాకపోతే ‘కాన్ఫిడెన్స్’ అంటే ఆ క్షణంలో కాలితో ఏం చెయ్యాలో పిల్లాడికి తెలీదు. ‘మ్యాన్ ఆన్’ అంటే తెలుస్తుంది, వెనక మనిషున్నాడని. ‘టైముంది’, ‘తిరుగు’ అన్నా తెలుస్తుంది. ఈ మాటలు బయటినుంచి కంటే పక్కనున్న ఆటగాడి నోటినుంచి వస్తే ఇంకా బలం. గోల్ పడగానే టీము మూగబోతే అది చెడ్డ గుర్తు. ఒకరికొకరు చెప్పుకుంటుంటే ఆ మ్యాచ్ ఇంకా బతికే ఉన్నట్టు.

మీ కోచ్ గారితో ఒక మాట అనండి. ప్రాక్టీసులో అప్పుడప్పుడు ఆటను 0-2 నుంచి మొదలుపెట్టమని, గడియారంలో పది నిమిషాలే ఉన్నాయని చెప్పి ఆడించమని. మొదట్లో పిల్లలు గాభరాపడి పైకి తన్నేస్తారు. నాలుగైదుసార్లు ఆడాక సెంటర్ నుంచి మొదటి పాస్ వెనక్కి, నిదానంగా ఇవ్వడం వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు. మా దగ్గర కెప్టెన్‌కి ఒక పని అదనం. గోల్ పడితే వలలోంచి బంతి తీసుకుని సెంటర్‌దాకా నడవాలి, దారిలో కీపరు భుజం తట్టాలి.

ఆ మూడో గోల్ గురించి దిగులుపడకండి. ఒక గోల్ కొట్టిన ఉత్సాహంలో ఇద్దరు సైడ్ బ్యాకులూ (పక్కల ఆడే డిఫెండర్లు) పైకి వెళ్లిపోయి ఉంటారు, మధ్యలో ఖాళీ అయి ఉంటుంది. ఇద్దరూ వెళ్లినప్పుడు ఒక మిడ్‌ఫీల్డరు సెంటర్ బ్యాకుల (మధ్యలో ఆడే డిఫెండర్ల) ముందు ఆగిపోవాలి. ఆ పని మీ అబ్బాయిది. వచ్చే మ్యాచ్‌కి ముందే చెప్పి పంపండి.