కిండిల్ వరల్డ్స్ మూతపడ్డాక ఆ నవలికను మళ్లీ అమ్మవచ్చా? నా సమాధానం

వేరేవాళ్లు సృష్టించిన పాత్రలతో, ఊళ్లతో (అంటే వాళ్ల కథాలోకంలో) అభిమానులు రాసిన కథలను అమ్మిన అమెజాన్ వేదిక కిండిల్ వరల్డ్స్ 2018లో మూతపడటంతో మీ నవలిక అమ్మకంలోంచి పోయింది, దాన్నే ఇప్పుడు కేడీపీలో (అమెజాన్‌లో ఎవరి పుస్తకం వాళ్లే వేసుకునే చోటు) పెట్టొచ్చా అని కదండీ అడిగారు. ఉన్నదున్నట్టు మాత్రం పెట్టకండి. 2013లో అమెజాన్ ఆయా కథాలోకాల హక్కుదారుల నుంచి లైసెన్సు తీసుకుంది కాబట్టే పదివేల పదాలు దాటిన కథకు 35 శాతం రాయల్టీ వచ్చేది. వేదికతోపాటే ఆ అనుమతీ పోయింది. వాక్యాలు మీవే, ఊరూ పాత్రలూ వాళ్లవి.

మీది ఒక రచయిత్రి లోకం అన్నారు కాబట్టి ముందు ఆవిడకే మెయిల్ పెట్టండి. కొందరు రచయితలు అలాంటి కథలను మళ్లీ వేసుకోనిచ్చారు. 'ది వాంపైర్ డైరీస్' టీవీ సిరీస్ లాంటి కంపెనీ సొత్తయితే నేనైతే ఆశ పెట్టుకోను.

ఆవిడ కాదంటే తిరగరాయడమే. పేర్లు మారిస్తే సరిపోదు. మీ నాయిక వాళ్ల హీరోకి చెల్లెలు కదా, ఆ చుట్టరికం తీసేస్తే ఆమె ఆ ఊరికి ఎందుకొచ్చిందో కొత్త కారణం కావాలి. అసలు పని అక్కడే (సరదా కూడా అక్కడే). ఫైల్లో అరువు తెచ్చుకున్నవన్నీ ఎర్రరంగుతో గుర్తు పెట్టండి. సగానికి పైగా ఎరుపెక్కితే కొత్తది రాసుకోవడమే మేలు.

డబ్బు అక్కర్లేదనుకుంటే ఏఓ3లో (అభిమానుల కథలుండే 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' సైటు) ఉచితంగా పెట్టుకోవచ్చు, కానీ అక్కడ అమ్మకాల లింకులు ఇవ్వకూడదు.