నిద్రమాత్రలు ఇవ్వనన్న ఫార్మసిస్టు చేసింది తప్పా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా నాన్నగారికి 64 ఏళ్లు. అమ్మ పోయాక నిద్ర పట్టక, డాక్టరు రాసిన అల్‌ప్రాజోలం 0.5 ఎంజీ బిళ్ళ నాలుగేళ్లుగా వాడుతున్నారు. మొదట రాత్రికి ఒకటి, ఇప్పుడు మూడు. ఈమధ్య మందుల షాపాయన కొత్త చీటీ లేనిదే ఇవ్వనని, డాక్టరుకు చూపించుకోమని చెప్పారు. నాన్నగారు అవమానంగా భావించి వేరే షాపుల్లో తెచ్చుకుంటున్నారు. ఎలా మాన్పించాలి?

జవాబు: మాన్పించాలన్న ఆత్రుతతో బిళ్ళలు దాచేయకండి. ఏళ్ల తరబడి అల్‌ప్రాజోలానికి అలవాటుపడిన వారికి అది హఠాత్తుగా ఆగిపోతే చేతుల వణుకు, తీవ్ర ఆందోళన, మునుపటికి మించిన నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు.

ఫార్మసిస్టు చేసింది సరైన పనే. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 నిబంధన ప్రకారం ఈ మందును చీటీపైనే అమ్మాలి. డాక్టరు, రోగి, మందు వివరాలను ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. నా దృష్టిలో చట్టం కన్నా ఆయన గమనింపు విలువైనది. నెలకు మూడు స్ట్రిప్పులు కొనే మనిషి తొమ్మిది కొంటున్నారన్న సంగతి, నాలుగేళ్ల క్రితం చీటీ రాసిన డాక్టరుకు తెలిసే వీలు లేదు. అది తెలిసేది కౌంటరు వెనకున్న ఆయనకే. నాలుగు షాపులు తిరిగితే ఆ ఒక్క కాపలా కూడా పోతుంది.

గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో గానీ, మీకు అందుబాటులో ఉన్న మరోచోట గానీ మానసిక వైద్యుణ్ణి కలవండి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి మోతాదులో 5 నుంచి 10 శాతం మాత్రమే తగ్గిస్తారు కనుక దీనికి నెలలు పడుతుంది. ఆ వైద్యుడు రాసిచ్చే చీటీని పాత షాపులోనే ఇచ్చి, ఒకేసారి నెల మందు కాకుండా వారానికి సరిపడా మాత్రమే ఇమ్మని ఫార్మసిస్టును కోరండి. గడువుకు ముందే నాన్నగారు మళ్లీ వస్తే ఫార్మసిస్టు డాక్టరుకు ఫోను చేయగలరు. నాన్నగారు నొప్పులకు ట్రమడాల్, దగ్గుకు కొడీన్ సిరప్ వంటివి కూడా వాడుతున్నారేమో ఫార్మసిస్టునే అడగండి. వీటితో గానీ, మద్యంతో గానీ కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం ఉంది.

నాన్నగారి నొచ్చుకోలు అర్థం చేసుకోదగినదే. డాక్టరు రాసిన మందు వల్లనే వచ్చిన అలవాటిది. ఇంట్లో ఎవరూ దాన్ని వ్యసనమని ఎత్తిపొడవకండి. ఆయన మాట్లాడటానికి ఇష్టపడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

ఆసుపత్రికి పాత చీటీతోపాటు ఖాళీ స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి. మొహమాటంతో ఆయన రోజుకు ఒకటేనని చెబితే, డాక్టరు ఆ లెక్కతోనే మందు రాస్తారు; అప్పుడు తొలి వారంలోనే వణుకు మొదలవుతుంది.