డోసు పెంచితే మచ్చ తెగులు పోదు

సందేహం: టమాటా ఆకుల మీద నల్ల మచ్చలు వచ్చి, ఆకులు పండి రాలిపోతున్నాయి. కాపర్ ఆక్సీక్లోరైడ్, స్ట్రెప్టోసైక్లిన్ కలిపి నాలుగుసార్లు కొట్టాను. మొదట కాస్త తగ్గింది, తర్వాత లాభం లేదు. మందు నకిలీదని అనుమానం. డీలర్ డోసు రెట్టింపు చేయమంటున్నాడు. చేయమంటారా?

సలహా: వద్దు. మందు నకిలీది కాకపోవచ్చు. మీరు చెప్పిన లక్షణాలు శాంథోమోనాస్ బ్యాక్టీరియా ఆకుమచ్చవిలా ఉన్నాయి. మీ చేలో ఇప్పుడున్నది మందును తట్టుకునే రకం అయి ఉండొచ్చు.

మందులోని రాగి (కాపర్) బ్యాక్టీరియా కణంలోకి చేరి, కొన్ని ఎంజైముల్లోని ఇనుమును తోసేసి వాటిని పాడుచేస్తుంది. తట్టుకునే రకాల్లో రాగి పెరిగిందని పసిగట్టే ప్రోటీన్లు ఉంటాయి. వెంటనే కణపొరలోని పంపులు, మడిలో నిలిచిన నీటిని మోటారుతో తోడినట్టు, రాగిని బయటికి నెట్టేస్తాయి. మిగిలినదాన్ని ఇంకొన్ని ప్రోటీన్లు పట్టి ఉంచుతాయి. స్ట్రెప్టోసైక్లిన్‌లో ఉండే యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్‌నైతే ఒక ఎంజైము ఫాస్ఫేటు అతికించి పనికిరాకుండా చేస్తుంది. ఈ గుణాలనిచ్చే జన్యువులు తరచూ ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఉంటాయి, పక్క బ్యాక్టీరియాకూ అందుతాయి. మీరు కొట్టిన ప్రతిసారీ బలహీనమైన బ్యాక్టీరియా చచ్చి, తట్టుకునేవి మిగిలాయి.

డోసు రెట్టింపు చేస్తే ముందు మాడేది మీ ఆకులే. పైగా రాగి లోహం, కుళ్లిపోదు, నేలలోనే పేరుకుంటుంది. అమ్మేవాడికి రెండో డబ్బా కూడా అమ్ముడుపోతుంది, అంతే. యాంటీబయాటిక్ ఇక పూర్తిగా ఆపండి. అవి మనుషులకూ పశువులకూ కావాల్సిన మందులు.

ఇప్పుడు లీటరు నీటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు, మాంకోజెబ్ 2.5 గ్రాములు కలిపి కొట్టండి. మాంకోజెబ్ తోడైతే రాగి ఒంటరిగా కంటే బాగా పనిచేస్తుంది. వానలుంటే 7 నుంచి 10 రోజులకు మళ్లీ కొట్టండి, పొడిగా ఉంటే ఆపేయండి. కోతకు ముందు లేబుల్ మీద రాసిన గడువు పాటించండి. కలిపిన నీరు ఆమ్లంగా ఉంటే రాగి ఎక్కువగా కరిగి ఆకులు మాడతాయి, ఉదజని సూచిక (pH) 6.5 కంటే తగ్గనీయకండి.

ఆకులు తడిగా ఉన్నప్పుడు చేలోకి దిగకండి. స్ప్రింక్లర్ ఆపి మొదళ్లకు నీళ్లివ్వండి. వచ్చే పంటకు విత్తనాన్ని 50 డిగ్రీల వేడి నీటిలో 25 నిమిషాలు ఉంచి, చల్లార్చి, నీడలో ఆరబెట్టండి. టమాటా, మిరప వెంటవెంటనే ఒకే మడిలో వేయకండి.

తర్వాతి పిచికారీకి ముందే తాజా మచ్చలున్న ఆకులు కాగితంలో చుట్టి తెగుళ్ల ప్రయోగశాలకు పంపండి. ప్లాస్టిక్ కవరులో పెడితే కుళ్లిపోతాయి.