ఏడాది నచ్చిన ఆల్బమ్‌లు ఏరేటప్పుడు

అమ్మడూ,

ఈ ఏడాది విన్నవాటిలో నచ్చిన పది ఆల్బమ్‌లు ఏరి స్నేహితులకి పంపాలనుకుంటున్నానని, ఎలా ఏరాలో చెప్పమని అడిగావు. చాలా సంతోషమేసింది. మన ఇళ్లల్లో పాట వినేవాళ్లకి కొదవ లేదు గానీ, విన్నదాని గురించి కూర్చుని రాసేవాళ్లు తక్కువ. నేను ఏటా డిసెంబరులో చేసే పనే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు, ఫోన్‌లో యాప్ ఏడాది చివర తయారుచేసి ఇచ్చే లిస్టుని పక్కన పెట్టు. ఏది ఎన్నిసార్లు మోగిందో దానికి తెలుసు, అంతవరకే. వంట చేస్తుంటే మోగినా, ట్రాఫిక్‌లో మోగినా, నువ్వు నిద్రపోయాక మోగినా దానికి ఒకటే. నువ్వు వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ పెట్టుకున్నది ఏదో, ఊరికే మోగుతూ ఉండిపోయింది ఏదో నీకే తెలియాలి. అందుకని వచ్చే ఏడాది నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకో. తేదీ, ఆల్బమ్ పేరు, ఎక్కడ చెవి ఆగిందో ఒక ముక్క. "బాగుంది" అని మాత్రం రాయకు. ఆరు నెలల తర్వాత ఆ మాట చూస్తే ఏం బాగుందో ఒక్కటీ గుర్తు రాదు. "రెండో పాటలో పల్లవికి ముందు వీణ ఆగిపోయిన చోట" అని రాసుకుంటే ఆ చోటు మళ్లీ చెవిలో పడుతుంది.

ఇక ఆల్బమ్ అంటే ఏమిటో నీకు నువ్వు తేల్చుకోవాలి. ఫలానా గాయకుడి హిట్స్ అని యాప్‌లో పేర్చిపెట్టినవి నేను లెక్కలోకి తీసుకోను. ఆ పాటలు గొప్పవే కావచ్చు, కానీ వాటిని ఆ వరసలో వినమని చేసినవాళ్లెవరూ అనుకోలేదు. మా రోజుల్లో సినిమా కాసెట్ కొంటే ఒక పక్క ఒక సినిమా, రెండో పక్క ఇంకో సినిమా ఉండేవి. అప్పుడు నేను ఒక్కో పక్కనీ ఒక్కో ఆల్బమ్ అనుకునేవాణ్ణి. ఎల్పీ, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డు, ఒక పక్క ఇంచుమించు ఇరవై నిమిషాలు వస్తుంది. కూర్చుని శ్రద్ధగా వినడానికి అది సరిపోయే సమయం. నువ్వూ అలాగే విను, ఒక సాయంత్రం సగం, మర్నాడు మిగతా సగం. మూడు ఆల్బమ్‌లు ఒకే రోజు వినేసి లిస్టు పెంచుకోకు.

షఫుల్ మాత్రం తీసెయ్. శివ్‌కుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్ కలిసి చేసిన "కాల్ ఆఫ్ ది వ్యాలీ" అని 1967 నాటి రికార్డు ఒకటుంది. కాశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి ఒక రోజు కథ అది. పొద్దున పాడే ఆహిర్ భైరవ్‌తో మొదలుపెట్టి, రోజు గడిచేకొద్దీ రాగాలు మారుస్తూ చివరికి పహాడీకి వస్తారు. దాన్ని కలగాపులగం చేసి వింటే రాగాలు మిగులుతాయి, కథ పోతుంది.

ఈ ఏడాది విడుదలైనవే రాయాలని ఎక్కడా లేదు. నువ్వు ఈ ఏడాది విన్నవి చాలు. అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" 1959లో వచ్చింది. నీ చెవికి ఇప్పుడు చేరితే అది నీ ఈ ఏడాది ఆల్బమే. అయితే పాత రికార్డు విన్నప్పుడు ఏ కాపీ విన్నావో రాసుకో. ఆ ఆల్బమ్ మొదటి పక్కనున్న మూడు పాటలూ రికార్డింగ్ మెషీన్ స్పీడు తేడా వల్ల దశాబ్దాల పాటు అసలు శృతి కన్నా కొంచెం పైన వినిపించాయి. 1992లో గానీ సరిచేసి విడుదల చెయ్యలేదు. శృతి పట్టి వినే పిల్లవి కాబట్టి నీకు ఇది పనికొస్తుంది.

పాతవాటిలో నీకు ప్రత్యేకంగా చెప్పాలనుకున్నది ఘంటసాల భగవద్గీత. ఏడు వందల శ్లోకాల్లోంచి నూటికి పైగా ఏరి, శ్లోకం పాడి, వెంటనే తాత్పర్యం తెలుగు వచనంలో ఆయనే చెప్తారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు, రికార్డు ఆ తర్వాత జనంలోకి వచ్చింది. అప్పటి నుంచీ మన ఊళ్లల్లో ఎవరింట్లో చావు జరిగినా మైకులో అదే పెడుతున్నారు. దాంతో ఆ గొంతు వినపడగానే "ఎవరు పోయారు?" అని అడగడం మనకి అలవాటైపోయింది. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. మంచి ఆరోగ్యంగా, ఏ దిగులూ లేకుండా ఉన్న రోజు చూసుకుని తలుపులేసుకుని ఒకసారి విను. శ్లోకం ముగిసి వచనం మొదలయ్యే చోట గొంతు బరువు ఎలా దించుతారో గమనించు. పాడే గొంతు పక్కనే మాట్లాడే గొంతు ఉంటుంది, రెండూ ఒకే మనిషివి. అది మనసుకి పడితే, ఎవరేమనుకుంటారో అని జంకకుండా నీ లిస్టులో పెట్టు.

నువ్వు వయొలిన్ నేర్చుకుంటున్నావు కాబట్టి ఇళయరాజా "హౌ టు నేమ్ ఇట్" వదలకు. 1986లో త్యాగరాజస్వామికీ, జర్మన్ స్వరకర్త బాహ్‌కీ అంకితమిస్తూ చేసిన ఆల్బమ్, వి.ఎస్. నరసింహన్ వయొలిన్. అందులో బాహ్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన ప్రెల్యూడ్, అంటే ముందుగా వాయించే చిన్న రచన, ఒకటి వస్తుంది. మొదటిసారి వయొలిన్ వెంటే వెళ్లు. రెండోసారి దాన్ని వదిలేసి, చుట్టూ ఉన్న తీగ వాద్యాలు ఏం చేస్తున్నాయో విను. మీ టీచర్ని అడిగి ఆ ప్రెల్యూడ్ విడిగా కూడా వింటే ఇంకా మంచిది.

ఒక్కోసారి రెండు ఆల్బమ్‌లు జంటగా రాస్తే ఎక్కువ చెప్పొచ్చు. తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ 2024 డిసెంబరులో పోయాక నేను, ఆయనా గిటార్ వాయించే జాన్ మెక్‌లాఫ్లినూ ఉన్న శక్తి బృందం 1976లో తెచ్చిన మొదటి ఆల్బమ్, 2023లో వచ్చిన "దిస్ మోమెంట్" ఒకదాని వెనక ఒకటి పెట్టుకున్నాను. మొదటిదాంట్లో ఘటం విక్కు వినాయకరామ్‌ది. రెండోదాంట్లో ఆయన కొడుకు సెల్వగణేశ్ ఉన్నాడు. జాకిర్ తబలా, మెక్‌లాఫ్లిన్ గిటార్ మాత్రం రెండింటిలోనూ ఉన్నాయి. కుర్రతనంలో వాళ్లిద్దరూ పరిగెత్తిన చోట, పెద్దయ్యాక ఎంత ఖాళీ వదిలారో చూడు. విడివిడిగా వింటే నాకు ఈ తేడా పట్టుబడేది కాదేమో.

రాసేటప్పుడు ఒకటీ రెండూ మూడూ అని ర్యాంకులు వద్దు. త్యాగరాజ కీర్తనల ఆల్బమ్‌కీ, సినిమా ఆల్బమ్‌కీ పోటీ పెట్టి ఏం తేలుస్తావు? పది రావాలన్న టెన్షన్ కూడా పెట్టుకోకు. ఏడే నచ్చితే ఏడు రాయి. నలుగురూ మెచ్చుకుంటున్నారని నీకు పట్టనిదాన్ని చేర్చకు. నీ స్నేహితులకి కావలసింది నీ చెవి, లోకం తీర్పు వాళ్లకి ఎక్కడైనా దొరుకుతుంది. ఒక్కో ఆల్బమ్‌కి నాలుగు వాక్యాలు చాలు, వాటిలో ఒకటైనా "ఇదిగో, ఇక్కడ విను" అని చోటు చూపించాలి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నోట్‌బుక్ తీసుకురా. నా లిస్టులో ఈసారి రెండు ఆల్బమ్‌ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను, కలిసి విందాం. మీ అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య